గివర్ నాలుగు పుస్తకాలు: రెండోది దాటేసి మూడోదానికి వెళ్ళొచ్చా?

మలక్‌పేట_పాఠకురాలు

నమస్కారం అందరికీ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. లోయిస్ లౌరీ రాసిన ‘ద గివర్’ స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని చదివింది. అది చేతిలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నేనూ చదివాను. చివర్లో జోనస్ పసివాడు గేబ్రియల్‌ని గుండెకి హత్తుకుని మంచుకొండ మీంచి స్లెడ్ ఎక్కి కిందికి జారతాడు కదా. కింద దీపాలు కనబడతాయి, పాట వినబడినట్టుంటుంది. అక్కడితో ఆపేశారు. వాళ్ళు బతికారా లేదా అని అమ్మాయి రోజూ అడుగుతోంది.

ఇంకా మూడు పుస్తకాలున్నాయని తెలిసి, కోఠీలో పాత పుస్తకాల కొట్లో ‘గ్యాదరింగ్ బ్లూ’ దొరికితే తెచ్చాను. తీరా చూస్తే అందులో జోనస్ లేడు, గేబ్రియల్ లేడు, అసలు ఆ ఊరే లేదు. కాలు వంకరపోయిన కీరా అనే పిల్ల, తల్లి శవం పక్కన కూర్చోవడంతో మొదలు. మట్టి, గుడిసెలు, కొట్లాటలు. “ఇది వేరే కథ, నాకొద్దు” అని అమ్మాయి పక్కన పెట్టేసింది. నేను సగం దాకా వచ్చాను, నాకు నచ్చింది.

రెండోది వదిలేసి మూడోది ‘మెసెంజర్’ ఇస్తే అర్థమవుతుందా? ఇంకో సంగతి కూడా అడగాలి. మొదటి పుస్తకంలో జోనస్ వాళ్ళ నాన్న, కవలల్లో బరువు తక్కువున్న బిడ్డకి సూది వేసే చోట అమ్మాయి పుస్తకం మూసేసి వచ్చి నా పక్కన పడుకుంది. మిగతావి ఇంతకంటే కఠినంగా ఉంటాయా? కథ బయటపెట్టినా నాకు ఫర్వాలేదు, తను ఈ పేజీ చూడదు.

అబిడ్స్_ఆదివారం

వదలొద్దమ్మా. రెండోది వదిలితే మూడోదాంట్లో సగం బలం పోతుంది.

‘ద గివర్’ 1993లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం అందుకుంది. ‘గ్యాదరింగ్ బ్లూ’ 2000, ‘మెసెంజర్’ 2004, ‘సన్’ 2012. మొదటిదానికీ చివరిదానికీ 19 ఏళ్ళ ఎడం. మీ అమ్మాయి అడిగే ప్రశ్నే అప్పటి పిల్లలూ అడిగారు. ఏడేళ్ళు ఆగి రెండో పుస్తకం తెరిస్తే వాళ్ళకీ జోనస్ కనబడలేదు. లౌరీ కావాలనే అలా రాసింది. ఒక ఊళ్ళో అన్నీ ఉంటాయి, విమానాలున్నాయి, ఇంటింటికీ మైకు ఉంది, ఆకలి లేదు, కానీ రంగు లేదు, గతం లేదు. ఇంకో ఊళ్ళో ఏమీ లేవు, బురదా పేదరికమూ తప్ప. రెండు చోట్లా పెద్దలు చేసేది ఒకటే: పిల్లల్లో ఉన్న ప్రతిభని పట్టుకుని తమ పనికి వాడుకోవడం. కీరాకి కుట్టుపని, థామస్‌కి చెక్కడం, జో అనే చిన్నపిల్లకి పాట. ముగ్గురూ తల్లిదండ్రులు లేనివాళ్ళు కావడం యాదృచ్ఛికం కాదని కీరాకి మెల్లగా తెలుస్తుంది.

సగం దాకా వచ్చానన్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. మ్యాట్ అనే అల్లరివాడినీ వాడి కుక్కనీ మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. చివరి పేజీల్లో వాడు వేరే ఊరికి వెళ్ళొచ్చి అక్కడి సంగతులు చెబుతాడు. నీలికళ్ళ కుర్రాడొకడు అక్కడున్నాడని మాటల్లో అనేసి ఊరుకుంటాడు. జోనస్ ఊళ్ళో కళ్ళ రంగు ఎవరికి వేరుగా ఉండేదో మీకు తెలుసు. ఆ ఒక్క మాట కోసం ఏడేళ్ళు ఆగిన పాఠకులున్నారు.

నీలిమందు

అక్కా, మాది పోచంపల్లి దిక్కు, ఇప్పుడు హయత్‌నగర్‌ల ఉంటున్నం. మా ఇంట్ల మూడు తరాల నుంచి చిటికి పని, అంటె నూలు కట్టి రంగులేసి నేసుడు. నేను ఈ నాలుగింట్ల రెండోదే ఎక్కువసార్లు చదివిన, ఎందుకంటె అది రంగు కథ.

అన్నాబెల్లా అనే ముసలామె కీరాకు రంగులు నేర్పిస్తది. ఎర్రకు మంజిష్ఠ వేరు, పసుపుకు పువ్వులు, ఏ ఆకు ఎప్పుడు తెంపాలె, ఎంతసేపు ఉడకబెట్టాలె. రాసినామె ఆ పని దగ్గరుండి చూసిందనిపిస్తది, అంత సక్కగ ఉంటది. కానీ నీలి మాత్రం ముసలామెకు తెల్వదు. నీలి ఇచ్చే మొక్క వేరే కాడ ఉంది, అక్కడి మనుషులకు తెలుసు అంటది. ఊళ్ళె చెట్ల అవతలికి పోతె మృగాలు తింటయని అందరినీ భయపెట్టి పెట్టిన్రు. అసలు మృగాలే లేవని ముసలామె ఒక మాట అంటది. అట్ల అన్నంక ఆమె ఎక్కువ దినాలు బతుకది.

వాళ్ళకు దొరికేది వోడ్ అనే మొక్క. మన నీలిమందు చెట్టు వేరు, అది వేరు, కానీ రంగునిచ్చే సరుకు రెండిట్ల ఒక్కటే. బాన్లకెల్లి నూలు తీసినప్పుడు పచ్చగ ఉంటది, గాలి తగిలినంక కండ్ల ముందట నీలి అయితది. నేను చిన్నప్పుడు అది చూసి మా నాయినమ్మ ఏదో మంత్రం చదివిందనుకున్న.

ఇంకోటి చెప్పాలె. కీరాకు బాగుచెయ్యమని ఇచ్చిన అంగీ మీద లోకం చరిత్రంత కుట్టి ఉంటది, ఊళ్ళు కట్టుడు, ఊళ్ళు కూలుడు. భుజాల కాడ కొంచెం జాగా ఖాళీ ఉంటది. అది రాబోయే కాలం. ఆ జాగల పెద్దలు చెప్పింది కుట్టాలె. చిటికి పనిల గూడ నూలు కట్టేటప్పుడే చీర మీద ఏం రావాలనో ఖాయం అయితది. నేసినంక మార్చలేం. అందుకె ఖాళీ జాగ ఎవరి చేతుల ఉండాలనేది మాకు మస్తు పెద్ద ముచ్చట. మీ బిడ్డకు ఇట్ల చెప్పి ఇయ్యండి అక్కా, చదువుతది.

సీతాఫల్‌మండి_రీడర్

నేను ఒప్పుకోను. ‘ద గివర్’ ఒక్కటీ చదివి ఆపేయమంటాను.

ఆ ముగింపు అలా తెరిచి ఉంచడంలోనే ఆ పుస్తకం గొప్పతనం ఉంది. జోనస్ చలికి చచ్చిపోతూ, ఊరి గతమంతా ఒక్కడే మోసే గివర్ ముసలాయన నుంచి తనకి మొట్టమొదట అందిన జ్ఞాపకాన్నే మళ్ళీ చూస్తున్నాడని చదవొచ్చు, నిజంగానే ఒక ఊరు చేరాడని చదవొచ్చు. ఆ మొదటి జ్ఞాపకం కూడా మంచులో స్లెడ్డే. పదమూడేళ్ళ పిల్ల రోజూ ఆలోచిస్తోందంటే పుస్తకం పని చేస్తున్నట్టు. ‘మెసెంజర్’లో ఆ స్లెడ్‌ని తెచ్చి మ్యూజియంలో పెట్టేసి, ప్రశ్నే లేకుండా చేశారు.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. మొదటి పుస్తకంలో వాతావరణాన్నే అదుపులో పెట్టిన సమాజం ఉంది. అక్కడి నుంచి నడిచి చేరగలిగే దూరంలో రాళ్ళు రువ్వుకునే ఊరు ఉంది. వీళ్ళ విమానాలకి ఆ ఊరు కనబడలేదా? మూడో పుస్తకానికొచ్చేసరికి అడవి పగబట్టి మనుషుల్ని చుట్టేస్తుంది, నాలుగోదాంట్లో దుష్టశక్తి మనిషి రూపంలో వచ్చి బేరాలాడుతుంది. శాస్త్రం మీద నిలబెట్టిన కథని పేదరాశి పెద్దమ్మ కథ చేశారు. పేదరాశి పెద్దమ్మ కథలంటే నాకు ఇష్టమే, కానీ రెండూ ఒకే గోడకి కట్టకూడదు.

ఇంటర్_రెండో_ఏడు

సార్ నమస్తే. నేను హాస్టల్ల ఉంటున్న, ఫోన్ ఆదివారమే ఇస్తరు, అందుకె ఒక్కసారే పెద్దగ రాస్తున్న, ఏమనుకోవద్దు.

నేను మొదటి పుస్తకం టెన్త్ ఎండాకాలం సెలవుల్ల చదివిన. పన్నెండేళ్ళ వేడుకల పెద్దామె స్టేజి మీద నిలబడి నెంబర్ల ప్రకారం ఒక్కొక్కరిని పిలిచి ఎవరు ఏం పని చెయ్యాల్నో చెప్తది. జోనస్ నెంబర్ పంతొమ్మిది. ఆమె పద్దెనిమిది పిలిచి ఇరవైకి పోతది. అక్కడ నా చేతులు సల్లబడ్డయి. మా కాలేజీల గూడ ర్యాంకుల లిస్ట్ చదివేటప్పుడు నెంబర్ తప్పిపోతె అట్లనే ఉంటది. మమ్మల్ని పేర్లతోని పిలిచేది తక్కువ.

అందరు అంటరు ఆ ఊరు ఘోరం అని. నిజమే. కానీ ఒక మాట. ఆ ఊళ్ళె పిల్లలకు ఎనిమిదో ఏడు నుంచి ఇష్టమున్న కాడ పని చేసే గంటలు ఇస్తరు, పెద్దలు దూరం నుంచి ఏండ్లకేండ్లు చూస్తరు, పిల్లకు ఏం నచ్చుతది, చెయ్యి ఎందుల తిరుగుతది అని. నాకు ఎంపీసీ అని మా బాబాయి ఫోన్‌ల చెప్పిండు. నన్ను ఎవరు చూడలె. ఎంచుకునే హక్కు ఇద్దరికి లేదు గానీ, చూసేటోళ్ళు వాళ్ళకన్నా ఉన్నరు. ఈ మాట ఎవరికన్న చెప్పాలని రెండేండ్ల నుంచి ఉంది.

ఇంకోటి, జోనస్‌కు ఇచ్చిన కాయితం మీద నియమాలుంటయి, ఆఖరిది నువ్వు అబద్ధం ఆడొచ్చు అని. అప్పుడు వానికి అనుమానం వస్తది, పెద్దోళ్ళందరికి గిట్లనే రాసిచ్చిన్రేమో, మా నాయిన గూడ నాతోని అబద్ధమే చెప్తున్నడేమో అని. కవల పిల్లగాని సీన్ కన్న నాకు అదే ఎక్కువ భయమైంది.

రెండోది, మూడోది చదివిన. నాలుగోది దొరకలె. దయచేసి నాలుగోదాని కథ చెప్పకున్రి.

మలక్‌పేట_పాఠకురాలు

తమ్ముడూ, నీ మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఆ అన్నయ్యకి ఏం నచ్చుతుందో అడుగు” అంది. ఏం నచ్చుతుంది నీకు?

నీలిమందు గారూ, రెండో పుస్తకం మళ్ళీ తీసింది. మృగాలు లేవన్న మాట దగ్గర ఉంది.

పంతులమ్మ

ఘట్‌కేసర్ అవతల సర్కారు బడిలో తెలుగు చెబుతాను. సీతాఫల్‌మండి గారి అభ్యంతరానికి జవాబు చెప్పాలని లేదు, ‘మెసెంజర్’తో మా క్లాసులో ఏం జరిగిందో చెబుతాను.

మా బళ్ళో సగం మంది పిల్లల తల్లిదండ్రులు వలస వచ్చినవాళ్ళు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చినవాళ్ళున్నారు, బీహార్ నుంచి అపార్ట్‌మెంట్ల పనికి వచ్చినవాళ్ళున్నారు, పాలమూరు వాళ్ళు సరేసరి. మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో ఈ కథని నా మాటల్లో తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను, రోజుకి కొంచెం.

ఆ ఊరు పేరే ఊరు. ఎక్కడెక్కడి నుంచో తరిమేస్తే వచ్చినవాళ్ళు కట్టుకున్నది. కాలు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఆకలితో నడిచొచ్చినవాళ్ళు, అందరికీ అక్కడ చోటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి చదువు చెప్పే మాస్టారు మెంటార్ అందరికంటే మంచివాడు, మొహం మీద పెద్ద ఎర్ర మచ్చ. ఆయనకి ఒక వితంతువు మీద మనసు పడుతుంది. ట్రేడ్‌మాస్టర్ నడిపే సంతకి వెళ్ళి, తనలోని మంచితనాన్ని ఇచ్చేసి అందాన్ని తెచ్చుకుంటాడు. మచ్చ పోతుంది, పొడుగవుతాడు. ఇంకొకరింట్లో చాక్లెట్లు పడే ఆట యంత్రం వస్తుంది, ఆ ఇంటి పిల్లలు జబ్బు పడతారు. అలా ఒక్కొక్కరూ మారిపోయి, చివరికి ఊరి సరిహద్దు మూసేద్దాం, గోడ కడదాం అని ఓటేస్తారు. గట్టిగా అరిచేవాళ్ళలో మెంటార్ ముందుంటాడు.

నేను అక్కడ ఆపి, మీరైతే ఓటు ఎటేస్తారు అని అడిగాను. క్లాసు రెండుగా చీలిపోయింది. నీళ్ళు చాలవు, బడిలో బెంచీలు చాలవు, మూసేయాలి అని చేతులెత్తినవాళ్ళలో వలస కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మూడేళ్ళ కింద వచ్చిన పిల్ల, మొన్న వచ్చిన పిల్లని చూపించి, వీళ్ళ తర్వాత మూసేస్తే చాలు అంది. నేనేమీ అనలేదు. కథ ముందుకి చెప్పాను. చూపులేని పెద్దాయన సీయర్ సభలో నిలబడి మూయొద్దంటాడు. ఆయన ఎవరో తెలిసిన పాఠకుడికి ఆ చోట గుండె ఆగుతుంది. ఆయన్ని వాళ్ళ ఊరివాళ్ళే పొడిచి, కళ్ళు పోగొట్టి, చనిపోయాడనుకుని పారేశారు. మృగాలు తిన్నాయని ఇంట్లోవాళ్ళకి చెప్పారు. ఇదంతా రెండో పుస్తకంలో ఉంది. ‘మెసెంజర్’ మాత్రమే చదివినవాళ్ళకి ఈ విషయం క్లుప్తంగా తెలుస్తుంది. కీరా పక్కన నిలబడి ఆయన్ని మొదటిసారి చూసినవాళ్ళకి, ఆయన మాట్లాడే ప్రతి మాట వెనకా ఒక కూతురు కనబడుతుంది.

మలక్‌పేట గారూ, అందుకే వరసలోనే చదివించండి. మీరడిగిన రెండో ప్రశ్నకి: అవును, మూడోది కఠినమే, ముగింపులో ఏడిపిస్తుంది. కానీ మొదటి పుస్తకంలోలా చావు గురించి అబద్ధం చెప్పరు. ఎవరు ఎందుకు ప్రాణం ఇచ్చారో అందరికీ తెలుస్తుంది, అందరూ కలిసి దుఃఖపడతారు. పిల్లలు దాన్ని తట్టుకోగలరని నా అనుభవం.

సీతాఫల్‌మండి_రీడర్

మేడమ్, మీ క్లాసు సంగతి చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మూడో పుస్తకం గురించి నేను మాట్లాడిన తీరు కంటే అది బలమైనదే. అడవి పగబట్టడం మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఊరి మనసు చెడితే అడవి చెడుతుంది అంటే అది ఉపమానం, మనుషులు గోడ కట్టడానికి అసలు కారణాలు వేరే ఉంటాయి. నీళ్ళు చాలవని మీ పిల్లలు అన్నారే, ఆ మాట పుస్తకంలో ఇంకా గట్టిగా ఉండాల్సింది. మెంటార్ మంచితనం అమ్ముకున్నాడు కాబట్టి చెడ్డవాడయ్యాడు అంటే సులువైపోయింది. ఏదీ అమ్ముకోని మంచివాళ్ళు కూడా గోడకి ఓటేస్తారు. ఆవిడ అది రాయాల్సింది.

రాత్రిడ్యూటీ

నేను ప్రసూతి వార్డులో నర్సుని. నాలుగో పుస్తకం ‘సన్’ గురించి రాస్తాను. ఇంటర్ తమ్ముడు ఈ పోస్టు దాటేయాలి. కథ మొత్తం చెబుతున్నాను.

మొదటి పుస్తకంలో జోనస్ చెల్లెలు లిల్లీ, నేను బర్త్‌మదర్ (ఊరి కోసం పిల్లల్ని కనడమే ఉద్యోగమైనది) అవుతాను, వాళ్ళకి మంచి తిండి పెడతారు, పనేమీ ఉండదు అంటుంది. వాళ్ళమ్మ కోప్పడుతుంది. ఆ పనిలో గౌరవం లేదు, మూడేళ్ళు, మూడు కాన్పులు, తర్వాత ముసలితనం వరకూ కూలిపని. అంతే, రెండు మూడు మాటల్లో అయిపోతుంది. చదివేవాళ్ళం కూడా దాటిపోతాం. గేబ్రియల్‌ని ఎవరో కన్నారని ఆ పుస్తకం పొడుగూతా ఒక్కసారి కూడా అనుకోను నేను. నా ఉద్యోగమే అది, అయినా అనుకోలేదు. 19 ఏళ్ళ తర్వాత రచయిత్రి వెనక్కి వెళ్ళి ఆ కన్నపిల్లని పట్టుకుంది. పేరు క్లెయిర్, 14 ఏళ్ళు.

కాన్పు బల్ల మీద ఆమె మొహానికి ముసుగు కడతారు, బిడ్డని చూడకూడదని. కాన్పు కష్టమై కడుపు కోసి తీస్తారు. ఇక ఈ పనికి పనికిరాదని చేపల కేంద్రానికి పంపేస్తారు. ఆ ఊళ్ళో అందరూ రోజూ మాత్ర వేసుకుంటారు కదా, మనసులో ఏ కోరికా పుట్టకుండా. ఈమెకి ఆ మాత్ర ఇవ్వడం ఎవరో మరిచిపోతారు. అదొక్కటే తేడా. ఊరంతటిలో తల్లిప్రేమ తెలిసిన మనిషి ఈమె ఒక్కతే అవుతుంది. తన బిడ్డ నెంబర్ 36 అని ఆమెకి తెలుసు. ఇప్పుడు మొదటి పుస్తకం తీసి చూడండి. జోనస్ వాళ్ళ నాన్న పేర్ల జాబితాలో దొంగచాటుగా చూసి గేబ్రియల్ పేరు కనిపెట్టే చోట 36 అనే ఉంటుంది. 1993 నుంచి ఆ అంకె అక్కడే ఉంది.

మా వార్డులో బిడ్డ పుట్టగానే తల్లి గుండెల మీద పెడతాం, మొదటి గంటలోనే పాలు పట్టిస్తాం. తల్లీ బిడ్డా ఇద్దరికీ అది అవసరం. క్లెయిర్ ముసుగు కింద చేతులు చాచే చోట నేను పుస్తకం పట్టుకోలేకపోయాను. 2021 చట్టం వచ్చి వాణిజ్య సరోగసీని ఆపేసేదాకా మన దేశంలో ఈ పని డబ్బుకి జరిగేది, మన నగరంలో కూడా. ఆ తల్లులకి ముసుగు ఉండేది కాదు. బిడ్డ ఏ గదిలోకి వెళ్ళిందో తెలుసుకునే హక్కూ ఉండేది కాదు. అలా మోసిన ఒకామె కొన్నేళ్ళ తర్వాత తన సొంత రెండో కాన్పుకి మా దగ్గరికి వచ్చింది. బిడ్డని చేతికిస్తే, “ఈసారి నాదేనా” అని అడిగింది. పుస్తకంలో ఇలాంటి మాట ఎక్కడా లేదు, కానీ పుస్తకమంతా ఈ మాటే.

తర్వాత క్లెయిర్ పడవెక్కుతుంది, ఓడ మునిగి కొండ కింద ఊరికి కొట్టుకొస్తుంది, ఏమీ గుర్తుండదు. ఆలిస్ అనే మంత్రసాని చేరదీస్తుంది. ఒక కాన్పు చూసినప్పుడు తనకి బిడ్డ ఉన్నాడని గుర్తొస్తుంది. కుంటి ఐనార్ ఆ నిలువు కొండ ఎక్కడం ఆమెకి ఏళ్ళ తరబడి నేర్పిస్తాడు, కండలు పెంచుతాడు, చీకట్లో రాళ్ళు తడిమి ఎక్కేలా చేస్తాడు. పైకెక్కినాక ట్రేడ్‌మాస్టర్ కాచుకుని ఉంటాడు. బిడ్డ దగ్గరికి చేరుస్తాను, నీ యవ్వనం ఇమ్మంటాడు. ఇచ్చేస్తుంది. అలా ముసలిదై, కొడుకున్న ఊళ్ళోనే ఉంటూ, వాడు నది ఒడ్డున పడవ కట్టుకోవడం దూరం నుంచి చూస్తూ ఉంటుంది. వాడు ఈమెని ఎవరో పిచ్చి ముసలమ్మ అనుకుంటాడు.

పదమూడేళ్ళ పాప చదవొచ్చు. కాన్పు చాప్టర్లు మాత్రం తల్లి పక్కనుండగా చదివితే బాగుంటుంది. అడగడానికి తనకి చాలా ఉంటాయి.

అబిడ్స్_ఆదివారం

రాత్రిడ్యూటీ గారు చెప్పిన ఆఖరి దృశ్యం నుంచే నేననుకున్నది చెబుతాను.

గేబ్‌కి ఆ ముసలామె ఎవరో తెలియదు, మనకి తెలుసు. ‘మెసెంజర్’లో మ్యాటీకి లీడర్ అంటే మంచివాడైన నాయకుడు, దూరం చూడగలిగినవాడు. ఆ లీడర్ ఒకప్పుడు ఒక పసివాణ్ణి ఎత్తుకుని మంచులో నడిచిన సంగతి మనకి తెలిసినంత వివరంగా మ్యాటీకి తెలియదు. మ్యాటీ ఒకప్పుడు మ్యాట్. కీరా ఊళ్ళో వయసుతో పాటు పేరు పొడుగవుతుంది, అందుకే మ్యాటీ అయ్యాడు. కొత్త ఊరివాళ్ళకి వాడి బురద కాళ్ళు, దొంగ బుద్ధులు తెలియవు. ప్రతి పుస్తకంలోనూ మనుషులు పక్కవాడి గతం తెలియకుండా మసలుకుంటూ ఉంటారు, నాలుగూ చదివిన మనిషి ఒక్కడే అందరి గతాన్నీ మోస్తుంటాడు. గివర్ ముసలాయన ఆ గదిలో ఒంటరిగా మోసింది ఇదే కదా. ఆవిడ పాఠకుణ్ణి తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. వరస మార్చి చదివితే ఆ బరువు మీ మీదికి రాదు. సీతాఫల్‌మండి గారు చెప్పినట్టు ఒక్కటే చదివి ఆపితే అసలే రాదు.

ఆవిడ జీవితం తెలిస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. 1937లో పుట్టింది, తండ్రి సైన్యంలో దంతవైద్యుడు. యుద్ధం తర్వాత కొన్నాళ్ళు టోక్యోలో, అమెరికన్ల కోసం కంచె వేసి కట్టిన కాలనీలో ఉన్నారు. లోపల అంతా సొంత దేశంలా భద్రంగా ఉండేది. ఆ పిల్ల సైకిలెక్కి కంచె దాటి షిబుయా వీధుల్లోకి వెళ్ళి తిరిగేదట. చాలా ఏళ్ళ తర్వాత ముసలి తండ్రికి జ్ఞాపకశక్తి పోతూ వచ్చింది, చనిపోయిన పెద్దకూతురి సంగతే ఆయనకి గుర్తులేదు. బాధ గుర్తులేకపోతే మనిషి సుఖంగా ఉంటాడా అన్న ఆలోచన అక్కడే మొలిచిందని న్యూబెరీ అందుకున్నప్పుడు ఆవిడే చెప్పింది. అట్ట మీద గడ్డం ముసలాయన ఫోటో కూడా ఆవిడ తీసిందే. ఆయన ఒక చిత్రకారుడు, రంగుల్లో బతికినవాడు, తర్వాత చూపు పోయింది. రంగులేని ఊరి కథకి ఆ మొహం పెట్టింది. 1995లో ఆవిడ కొడుకు, వైమానిక దళ పైలట్, విమాన ప్రమాదంలో పోయాడు. కొడుకుని వెతుక్కునే తల్లి కథ 2012లో వచ్చింది. ఇంతకు మించి నేనేమీ అనను.

నీలిమందు

అబిడ్స్ అన్న, ఆ కుర్చీ మాట మస్తుగ చెప్పినవ్.

సీతాఫల్‌మండి సార్‌కు ఒక మాట. రెండూర్లు అంత దగ్గరున్నయి ఎట్ల అన్నరు. హైటెక్ సిటీల అద్దాల బిల్డింగులున్నయి. అక్కడికెల్లి బస్సు ఎక్కితే పొద్దు ఎక్కకముందే మా ఊరికి రావచ్చు, అక్కడ మా పెద్దమ్మ ఇంకా గుంత మగ్గంల కాళ్ళు పెట్టి నేస్తది. అద్దాల బిల్డింగులున్నోళ్ళకు మేం కనబడుతున్నమా?

సీతాఫల్‌మండి_రీడర్

దీనికి నా దగ్గర జవాబు లేదండి. విమానాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ట్రేడ్‌మాస్టర్ మాట తీసుకోను. ఆఖర్లో గేబ్ వాడి ఎదురుగా నిలబడి, నువ్వు పాడుచేశాననుకున్నవాళ్ళందరూ ఎలా బాగుపడ్డారో ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే వాడు ఆకలితో కుంగి కరిగిపోతాడు. మనుషుల దుఃఖమే తిండిగా బతికేవాడికి తిండి దొరకలేదు. ఆలోచన చాలా అందమైనది. కానీ మూడు వందల పైచిలుకు పేజీల ఎదురుచూపుకి ఆ యుద్ధం మరీ తొందరగా అయిపోయింది. క్లెయిర్ కొండ ఎక్కడానికి ఇచ్చిన చోటులో సగం దీనికి ఇచ్చినా సరిపోయేది.

రాత్రిడ్యూటీ

అది నేనూ ఒప్పుకుంటాను. కొండ దగ్గర చేతివేళ్ళు కూడా నొప్పి పుట్టేలా రాసింది, చివర మాత్రం పరుగెత్తింది.

ఇంటర్_రెండో_ఏడు

మళ్ళ ఆదివారం వచ్చింది. రాత్రిడ్యూటీ అక్క పోస్టు చూడలె, ఒట్టు. మలక్‌పేట అక్కా, మీ పాప అడిగింది కదా, నాకు మ్యాపులు గీసుడు ఇష్టం. ఈ నాలుగు ఊర్ల మ్యాపు గూడ ఒకటి గీసిన, నది ఎటు పోతదో సరిగ్గ కుదురుతలేదు. మా రూంల ఒకడు హంగర్ గేమ్స్ నవలలు చదవమంటున్నడు, అండ్ల గూడ 2020ల ఒకటి, 2025ల ఒకటి వెనకటి కథలు వచ్చినయి, హేమిచ్ చిన్నప్పటి కథ ఉందంట. పరీక్షలైనంక చూస్త.

అబిడ్స్_ఆదివారం

అదీ మంచిదే బాబూ. అక్కడ మనుషులు ఒకే దేశం, ఒకే ఆట చుట్టూ కలుస్తారు కాబట్టి అల్లిక సులువుగా కనబడుతుంది. 2025 పుస్తకంలో హేమిచ్ కుర్రాడు, మ్యాగ్స్, బీటీ, వైరెస్ కూడా కనబడతారు. ముందు మూడూ చదివినవాళ్ళకి వీళ్ళందరూ చివరికి ఏమవుతారో తెలిసే ఉంటుంది. కానీ నీకు నాలుగో గివర్ పుస్తకం బాకీ ఉంది. నా దగ్గర రెండు ప్రతులున్నాయి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వేర్వేరు ఆదివారాల్లో దొరికినవి. ఒకటి నీదే. మ్యాపు మాత్రం ఇక్కడ పెట్టాలి.

మలక్‌పేట_పాఠకురాలు

అమ్మాయి రెండోది అయిపోగొట్టి మూడోది కూడా ముగించింది. చిక్కడపల్లి లైబ్రరీలో దొరకలేదు, చివరికి పంతులమ్మ గారి ప్రతే చేతులు మారి మా ఇంటికొచ్చింది, చాలా కృతజ్ఞతలు. లీడర్ ఎవరో నాకంటే ముందు తనే కనిపెట్టి, స్లెడ్ మ్యూజియంలో ఉందన్న పేజీ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. సీతాఫల్‌మండి గారూ, జవాబు దొరికినందుకు తను బాధపడలేదు. మ్యాటీ చనిపోయినందుకు మాత్రం రచయిత్రి మీద చాలా కోపంగా ఉంది. అడవినీ ఊరినీ బాగుచేయడానికి ఒక్క పిల్లాడి ప్రాణం ఎందుకు పోవాలి, గోడకి ఓటేసిన పెద్దవాళ్ళు తలా కొంచెం ఇచ్చి ఉండొచ్చు కదా అంటోంది. నేను చెప్పింది తనకి సరిపోలేదు.

పంతులమ్మ

మా క్లాసులో ఈ ప్రశ్న రాలేదు. రావాల్సింది. శనివారం ఆఖరి పీరియడ్‌కి పాపని తీసుకురండి, పిల్లల ముందు తనే అడగనివ్వండి. గోడకి ఓటేసినవాళ్ళు ఇరవై మందికి పైనే ఉన్నారు, వాళ్ళే చెప్పాలి. ఘట్‌కేసర్ బస్టాండు దగ్గరికి నేను వచ్చి తీసుకెళ్తాను.